ఏవ్‌బరీ చుట్టు నడక: రాతివలయాన్ని ముందు చూడాలా, చివర చూడాలా?

ప్రశ్న (రీడింగ్ పట్టణం నుంచి)

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో విల్ట్‌షైర్‌లోని, పురాతన రాతివలయం ఉన్న ఏవ్‌బరీ గ్రామంలో బయలుదేరి సిల్బరీ హిల్ అనే గుట్ట, వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో అనే సమాధి దిబ్బ, ఈస్ట్ కెన్నెట్ గ్రామం, ఓవర్టన్ హిల్ మీద ఒకప్పుడు రాళ్ళూ కొయ్యస్తంభాలూ నిలిచిన శాంక్చువరీ చూసుకుంటూ రిడ్జ్‌వే అనే కొండబాట ఎక్కి, గ్రీన్ స్ట్రీట్ అనే పాత బాట మీదుగా మళ్ళీ ఏవ్‌బరీకి చేరే చుట్టు నడక ఒకటి మే నెలలో చేయాలనుకుంటున్నాము. ఆర్డినెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 157వ పటం మీద దారం పరచి కొలిస్తే పది, పదకొండు కిలోమీటర్ల మధ్య తేలింది. నాతో పాటు మా వారు, పదకొండేళ్ళ మా అమ్మాయి, మా మరిది, ఊరి నుంచి వచ్చిన మా మావగారు ఉంటారు. మావగారికి అరవై తొమ్మిదేళ్ళు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి కనుక నడక ఆయనకు లెక్క కాదు గాని, దిగుడు ఎక్కువగా ఉన్న చోట ఎడమ మోకాలు నొప్పి పెడుతుంది.

ఫిబ్రవరిలో మేమిద్దరమూ ఒకసారి వెళ్ళి సగంలోనే వెనక్కి వచ్చాము. సిల్బరీ పక్కన ఏటి నీళ్ళు కాలిబాట మీదికి వచ్చేశాయి. చీలమండల దాకా తడిసిన బూట్లతో ముందుకు సాగలేకపోయాము. ఆ రోజు రాతివలయాన్ని మాత్రం నింపాదిగా చూశాము, మిగతాదంతా బాకీ పడిపోయింది.

నేను అడగదలచుకున్నవి రెండు. ఈ చుట్టును ఏ దిక్కుగా నడిస్తే బాగుంటుంది, రాతివలయాన్ని ఉదయమే చూసి బయలుదేరాలా లేక చివరికి ఉంచుకోవాలా అన్నది మొదటిది. మావగారు అలసిపోతే ఆయనను మధ్యలో ఎక్కడ కారు ఎక్కించవచ్చు అన్నది రెండవది. మా అమ్మాయి సిల్బరీ గుట్ట ఎక్కాలని పట్టుబడుతోంది, అది వీలవుతుందా?


మొదటి జవాబు (స్విండన్ నుంచి)

మీరు రాసిన దిక్కే సరైనది. ఏవ్‌బరీ నుంచి దక్షిణానికి, అక్కడి నుంచి తూర్పుకు, ఆపైన ఉత్తరానికి, చివరకు పడమటికి తిరిగి ఊరు చేరండి. అయితే ఉదయం రాతివలయంలోకి మాత్రం వెళ్ళకండి. చారిత్రక స్థలాలను కాపాడే సంస్థ అయిన నేషనల్ ట్రస్టు వారి కారు పార్కింగు ఊరికి దక్షిణాన ఉంది. సిల్బరీ వైపు వెళ్ళే కాలిబాట దాదాపు దాని ఎదుటి నుంచే మొదలవుతుంది కనుక వలయాన్ని చూడకుండానే నడక మొదలుపెట్టవచ్చు. నేను ఈ చుట్టును రెండు దిక్కులుగానూ, నాలుగు రుతువుల్లోనూ నడిచాను. వలయాన్ని ముందు చూసిన రోజున తక్కినదంతా తోకలాగా మిగిలిపోయింది. చివర చూసిన రోజున అదే వలయం వేరేగా కనబడింది.

దీనికి నాకు తోచిన మొదటి కారణం కాలక్రమం. మీ దారిలోని కట్టడాలలో అన్నిటికంటే పాతది వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో. దాదాపు వంద మీటర్ల పొడవున్న ఆ సమాధి దిబ్బను సుమారు క్రీ.పూ. 3650లో కట్టారు. ఏవ్‌బరీ కందకమూ రాళ్ళూ క్రీ.పూ. 2850, 2200 మధ్య దఫదఫాలుగా ఏర్పడ్డాయి. సిల్బరీ క్రీ.పూ. 2400 ప్రాంతానిది. అంటే వలయం కట్టినవారికే ఆ సమాధి తాతముత్తాతల నాటి పాత కట్టడం. ముందు సమాధిలో నిలబడి వచ్చినవారికి ఆ కాలపు దూరం కాళ్ళకు తెలుస్తుంది. ఊళ్ళో కారు దిగి నేరుగా రాళ్ళ మధ్యకు వెళ్ళినవారికి అన్నీ ఒకే కాలానివిగా అనిపిస్తాయి.

రెండవది వెలుగు. లాంగ్ బారో ద్వారం తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా అక్కడికి చేరితే ద్వారానికి అడ్డంగా నిలిపిన పెద్ద సార్సెన్ రాళ్ళ (ఈ ప్రాంతపు గట్టి ఇసుకరాళ్ళ) మీద ఎండ నిండుగా పడుతుంది. ఆ రాళ్ళు మొదటి నుంచీ ఉన్నవి కావు. వందల ఏళ్ళు వాడిన తరువాత సమాధిని మూసివేసినప్పుడు, ఇక ఎవరూ లోపలికి పోకుండా నిలిపినవి అవి. వాటి వెనకగా తిరిగి లోపలికి వెళితే నడవాకు రెండు వైపులా రెండేసి గదులు, చివర ఒకటి, మొత్తం ఐదు గదులు. 1859లో జాన్ థర్నమ్, 1955-56లో స్టూవర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్సన్ ఇక్కడ తవ్వారు. పసిపిల్లల నుంచి వృద్ధుల దాకా ముప్పై మందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. కప్పులో అమర్చిన గాజు పలకల గుండా కొంత వెలుతురు వస్తుంది, అయినా ఒక టార్చిలైటు దగ్గర ఉంచుకోండి. లోపలి రాళ్ళను తడిమి చూడండి. ఒకదాని మీద రాతి గొడ్డళ్ళను నూరిన జాడ ఉంది. ఆ చోటు ఎక్కడో నేను చెప్పను, మీ అమ్మాయినే వెతకనివ్వండి.

మూడవ కారణమే నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. హియర్‌పాత్ అని కూడా పిలిచే గ్రీన్ స్ట్రీట్, కొండ మీది నుంచి దిగి, రాతివలయం చుట్టూ పోసిన ఏవ్‌బరీ మట్టికట్టను తూర్పు వైపు దాటుతుంది. కట్టలో ఉన్న నాలుగు పాత ద్వారాలలో అది ఒకటి. అలా వస్తే, దారి చేసినవారు ప్రవేశించిన చోటే మీరూ ప్రవేశిస్తారు. అప్పటికి ఐదు గంటలు నడిచిన కాళ్ళతో ఉంటారు, ఎదురుగా పడమటి ఎండలో రాళ్ళు ఉంటాయి.

రిడ్జ్‌వే మీద నడిచేటప్పుడు బీచ్ చెట్ల గుంపులు నెత్తిన పెట్టుకున్న గుండ్రటి దిబ్బలు కనబడతాయి. అవి కంచు యుగపు సమాధులు. గ్రీన్ స్ట్రీట్ కూడలి దగ్గర ఎడమకు తిరిగే ముందు కుడి వైపున ఉన్న ఫైఫీల్డ్ డౌన్ వైపు ఒకసారి చూడండి. గడ్డిలో అడ్డదిడ్డంగా పడి ఉన్న బూడిదరంగు సార్సెన్ రాళ్ళు దూరం నుంచి పడుకున్న గొర్రెల్లాగే ఉంటాయి. ఇక్కడివారు వాటికి పొట్టేళ్ళ పేరే పెట్టుకున్నారు. ఏవ్‌బరీలో నిలిపిన రాళ్ళు ఈ జాతివే.


రెండవ జవాబు (డివైజెస్ నుంచి)

పై జవాబులో చెప్పినదానితో నాకు పేచీ లేదు గాని, మోకాలి నొప్పి ఉన్న పెద్దాయన వెంట ఉన్నప్పుడు కాలక్రమం కంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

ఏ4 రోడ్డును మీరు రెండుసార్లు దాటాలి. సిల్బరీ నుంచి లాంగ్ బారోకు వెళ్ళేటప్పుడు ఒకసారి, శాంక్చువరీ నుంచి రిడ్జ్‌వే మొదటికి వెళ్ళేటప్పుడు మరోసారి. రెండు చోట్లా కార్లు చాలా వేగంగా వస్తాయి. పాదచారుల కోసం సిగ్నలు గాని గీతలు గాని ఉండవు. అమ్మాయి చేయి పట్టుకుని, రెండు వైపులా రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యాకే దాటండి. ఏవ్‌బరీ నుంచి వెస్ట్ కెన్నెట్‌కు వెళ్ళే బీ4003 రోడ్డు పటం మీద దగ్గరి దారిలా కనబడుతుంది. దానికి కాలిబాట లేదు, మలుపుల్లో ఎదురుగా వచ్చే వాహనం కనబడదు, కనుక ఆ దారి పట్టకండి.

ఇక కారు సంగతి. లాంగ్ బారోకు ఎదురుగా ఏ4 పక్కన కొద్ది కార్లు ఆపుకునే చోటు ఉంది. ఓవర్టన్ హిల్ దగ్గర, రిడ్జ్‌వే మొదలయ్యే చోట కూడా కారు నిలపవచ్చు. మీ మరిదిగారు రెండవ కారును ఉదయమే లాంగ్ బారో దగ్గర ఉంచి మీతో కలిస్తే, సమాధి చూశాక మీ మావగారిని అక్కడి నుంచి ఓవర్టన్ హిల్‌కు తీసుకువెళ్ళి మీ కోసం కూర్చోబెట్టవచ్చు. పొలాల అంచున ఈస్ట్ కెన్నెట్ మీదుగా పోయే మూడు కిలోమీటర్లు ఆయనకు తప్పుతాయి. అక్కడి నుంచి రిడ్జ్‌వే విశాలమైన బండ్లదారి. గ్రీన్ స్ట్రీట్ దిగుడు కూడా నిటారుగా ఉండదు, మెల్లగా సాగుతుంది. అయినా ఊతకర్ర ఉండాలి. ఈ ప్రాంతమంతా సుద్ద నేల. తడిస్తే సబ్బు మీద నడిచినట్టే ఉంటుంది, ఎండితే చెకుముకి రాళ్ళు అంచులు పైకి పెట్టుకుని తేలతాయి.

మీరు ఫిబ్రవరిలో చూసిన నీళ్ళకు కారణం కూడా ఈ సుద్దే. వాన నీరు సుద్దలోకి ఇంకి, శీతాకాలం చివరికి భూమిలోని నీటిమట్టం పైకి వచ్చి, ఎండాకాలంలో ఎండిపోయి కనబడే ఏరు ఒక్కసారిగా పారుతుంది. ఏవ్‌బరీ పక్క నుంచి సిల్బరీ దాకా వచ్చేది అటువంటి శీతాకాలపు ఏరే. సిల్బరీకి దక్షిణాన ఉన్న స్వాలోహెడ్ ఊటల దగ్గర అది కెన్నెట్ నది అవుతుంది. అదే నది మీ రీడింగులో థేమ్స్‌లో కలుస్తుంది. మే నెలకు బాట సాధారణంగా ఆరిపోతుంది, వానలు ఎక్కువగా కురిసిన ఏడాది అయితే జూన్ దాకా ఆగడం మేలు.

సిల్బరీ ఎక్కడానికి అనుమతి లేదు. దాని సంగతి అమ్మాయికి ముందే చెప్పి తీసుకువెళ్ళండి. దాదాపు 2,50,000 ఘనపు మీటర్ల సుద్దా మట్టీ మోసి పోసిన గుట్ట అది. చరిత్రకు ముందరి కాలంలో మనుషులు పోసిన గుట్టల్లో ఐరోపాలో ఇంతకంటే పెద్దది లేదు. లోపల నిధో, రాజు సమాధో ఉంటుందని 1776లో పైనుంచి నిలువుగా బావి తవ్వారు, 1849లో పక్క నుంచి సొరంగం తవ్వారు, 1968లో మళ్ళీ తవ్వారు. సమాధి దొరకలేదు. సరిగా పూడ్చని ఆ పాత బావి 2000లో కుంగి గుట్ట నెత్తిన గొయ్యి పడింది. 2007-08లో లోపలి సొరంగాలను సుద్దతో నింపి గట్టిపరిచారు. ఇంత జరిగిన గుట్ట అని తెలిస్తే పిల్లలు దూరం నుంచి చూడడానికే ఒప్పుకుంటారు, మా పిల్లలు ఒప్పుకున్నారు.

మరుగుదొడ్లు ఏవ్‌బరీలో తప్ప దారిలో ఎక్కడా లేవు. తాగడానికి నీళ్ళు మీరే మోసుకోవాలి. తెరిచి ఉన్న గేటును తెరిచే ఉంచండి, మూసి ఉన్నదాన్ని దాటగానే మూయండి. ఆ పొలాల్లో గొర్రెలు మేస్తాయి. పసుపు బాణం కాలిబాటకు, నీలం బాణం గుర్రాలు కూడా వెళ్ళే బాటకు గుర్తు. రిడ్జ్‌వే మీద ఓక్ కాయ బొమ్మ కనబడుతుంది. కారు లేకుండా రాదలచుకున్నవారికి స్విండన్, డివైజెస్ మధ్య తిరిగే 49వ నెంబరు బస్సు ఏవ్‌బరీలోనే ఆగుతుంది.


మూడవ జవాబు (బ్రిస్టల్ నుంచి)

ఇద్దరూ రాళ్ళ గురించీ బాట గురించీ చక్కగా రాశారు. ఊరి గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి కనుక రాస్తున్నాను. ఏవ్‌బరీకి వచ్చేవారిలో ఎక్కువ మంది గడ్డి కప్పుల ఇళ్ళను రాళ్ళ వెనక ఫొటోలో పడిన అలంకారంగా చూసి వెళ్ళిపోతారు. నిజానికి ఆ ఇళ్ళ గోడల్లోనే రాళ్ళు ఉన్నాయి.

బయటి వలయంలో ఒకప్పుడు వంద దాకా రాళ్ళు ఉండేవి. మధ్యయుగంలో కొన్నిటిని పడదోసి పూడ్చిపెట్టారు. 1938లో అలా పూడ్చిన ఒక రాయిని లేపినప్పుడు దాని పక్కన ఒక మనిషి అస్థిపంజరం బయటపడింది. అతని దగ్గర కత్తెర, శస్త్రం వంటి ఒక సాధనం, 14వ శతాబ్దపు తొలినాళ్ళ వెండి నాణేలు ఉన్నాయి. క్షౌరవైద్యుడై ఉంటాడని ఆ రాయికి మంగలిరాయి అనే పేరు వచ్చింది. పగలగొట్టడం మాత్రం 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట ఎక్కువగా జరిగింది. రాయి కింద గొయ్యి తీసి, గడ్డి వేసి మంట పెట్టి, రాయి బాగా కాగిన తరువాత చన్నీళ్ళు పోసి, నెర్రె విచ్చిన గీత మీద సమ్మెటతో కొట్టేవారు. ఆ ముక్కలే ఇళ్ళకూ ప్రహరీలకూ పనికివచ్చాయి. 1649లో వేటకు వచ్చి ఈ వలయాన్ని చూసి ఆశ్చర్యపోయిన జాన్ ఆబ్రీ, 1720ల నాటి విలియం స్టూక్లీ తాము చూసినదాన్ని బొమ్మలుగా గీసి ఉంచకపోతే ఏ రాయి ఎక్కడ ఉండేదో మనకు తెలిసేది కాదు. శాంక్చువరీ సంగతి ఇంకా దుఃఖకరం. అక్కడి రాళ్ళను స్టూక్లీ చూస్తుండగానే పెరికివేశారు. 1930లో మాడ్ కనింగ్టన్ ఆ గుంతల జాడ మళ్ళీ పట్టుకోగలిగింది స్టూక్లీ రాతల వల్లనే. ఇప్పుడు మీకు అక్కడ కనబడేవి కాంక్రీటు గుర్తులే. అది చూసి నిరాశ పడకుండా, ప్రతి గుర్తూ ఒక రాయి లేదా ఒక కొయ్యస్తంభం నిలిచిన చోటని మీ అమ్మాయికి చెప్పండి.

1930లలో మార్మలేడు వ్యాపార కుటుంబానికి చెందిన అలెగ్జాండర్ కైలర్ ఈ ఊరిలో చాలా భాగం కొని, పూడ్చిన రాళ్ళను లేపి నిలబెట్టించాడు, పోయినవాటి చోట గుర్తులు పాతించాడు. అందుకోసం వలయంలో ఉన్న కొన్ని ఇళ్ళు కూడా పోయాయి. రాళ్ళు తిరిగి నిలవడం నాకు సంతోషమే, అయినా ఆ గడ్డిలో నడిచినప్పుడల్లా ఇల్లు కోల్పోయినవారు గుర్తుకు రాకుండా ఉండరు. 1943లో ఈ భూమి నేషనల్ ట్రస్టుకు వచ్చింది.

చర్చి తప్పకుండా చూడండి. సెయింట్ జేమ్స్ చర్చి గోడల్లో నార్మనులు రాకముందరి సాక్సను కట్టడపు భాగాలు, ఆ కాలపు గుండ్రటి కిటికీలు ఇప్పటికీ ఉన్నాయి. లోపలి పాత కొయ్య అటకను (రూడ్ లాఫ్ట్) మతసంస్కరణ కాలంలో సున్నపు గోడ చాటున దాచేశారు, 1810లో అది మళ్ళీ బయటపడింది. రాతి ముక్కలు కూడా గోడల్లోకి వెళ్ళిన ఊళ్ళో, దాచిన కొయ్య అంతకాలం భద్రంగా ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురమే.


ప్రశ్న అడిగినవారు, నడక తరువాత

ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. మే చివరి శనివారం వెళ్ళి వచ్చాము. రెండవ జవాబులో చెప్పినట్టే రెండవ కారును ఉదయం లాంగ్ బారో దగ్గర ఉంచాము, మొదటి జవాబులో చెప్పినట్టే వలయాన్ని చూడకుండా బయలుదేరాము. ఏటి బాట పూర్తిగా ఆరింది. ఫిబ్రవరిలో మేము వెనుదిరిగిన చోట ఇప్పుడు నీటి చుక్క లేదు, మోకాలెత్తు గడ్డి ఉంది.

సమాధిలో గొడ్డలి నూరిన జాడను వెతికింది అమ్మాయే గాని, పోల్చింది మావగారు. టార్చి వెలుగులో ఆ పిల్ల ప్రతి రాయినీ తడుముతుంటే ఒక చోట అరచేయి జారింది. మిగతా రాయంతా గరుకు, అక్కడ మాత్రం పలక లాగా నున్నన. మావగారు కూడా చేయి వేసి, బొటనవేలితో అడ్డంగా రుద్ది చూసి, "ఇది మన సానరాయే అమ్మా, కొడవలి నూరి నూరి మధ్యలో ఇట్లాగే పల్లం పడుతుంది" అన్నారు. బయటికి వచ్చాక ద్వారపు రాళ్ళ ఎదుట చాలాసేపు నిలబడ్డారు. తమ ఊరి అవతలి గుట్టల్లో నిలువు బండల మీద పరుపుబండ పెట్టిన రాకాసి గుళ్ళు ఉండేవనీ, పశువులు కాసే రోజుల్లో వాన వస్తే వాటి కిందనే దూరేవాళ్ళమనీ, అవి సమాధులని అప్పట్లో తమకు ఎవరూ చెప్పలేదనీ అన్నారు.

ఆయనను మా మరిది కారులో ఓవర్టన్ హిల్‌కు తీసుకువెళ్ళాడు. మేము ఈస్ట్ కెన్నెట్ మీదుగా గంటలో చేరేసరికి ఆయన శాంక్చువరీ గుర్తులను వరసల వారీగా లెక్క పెడుతున్నారు. రిడ్జ్‌వే మీద భరతపక్షులు పైన కనబడకుండా కూస్తూనే ఉన్నాయి. అక్కడి నుంచి చివరిదాకా మాతోనే నడిచారు, గ్రీన్ స్ట్రీట్ దిగుడులో రెండుసార్లు కూర్చున్నారు, అంతే.

తూర్పు ద్వారం గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. ఫిబ్రవరిలో పార్కింగు వైపు నుంచి వచ్చినప్పుడు ఆ కట్ట మాకు పచ్చటి మట్టిగట్టుగానే తోచింది. ఈసారి కొండ దిగి వస్తుంటే ముందు కట్ట గీత, తరువాత దాని వెనక ఇళ్ళ కప్పులు, ఆ తరువాత రాళ్ళు ఒకటొకటిగా తేలాయి. కందకం అంచున నిలబడి, ఇది మొదట తొమ్మిది మీటర్ల దాకా లోతు ఉండేదనీ, దుప్పి కొమ్ములతో తవ్వారనీ, ఇప్పుడు సగానికి పైగా పూడిపోయిందనీ మా వారు చెబితే, మావగారు తవ్విన మట్టి ఎక్కడ పోశారని అడిగారు. తాము నిలబడ్డ కట్టే ఆ మట్టి అని తెలిశాక ఊతకర్రను గడ్డిలోకి గుచ్చి చూశారు. కొనకు తెల్లటి సుద్ద అంటుకుని వచ్చింది.

వెళ్ళబోయేవారికి రెండు మాటలు. గ్రీన్ స్ట్రీట్ పైభాగంలో బండ్ల చక్రాలు కోసిన లోతైన గాళ్ళలో ఇంకా బురద ఉంది, గట్టు అంచున నడవండి. చర్చికి మేము వెళ్ళేసరికి సాయంత్రం తలుపు మూసి ఉంది. అది కూడా చూడదలచుకుంటే ఉదయం ఎనిమిదిన్నరకల్లా బయలుదేరండి. మేము పదింటికి బయలుదేరాము, ఆ గంటన్నర చివర్లో చాలలేదు.